ఉప్పునీళ్లలో పాము దాహం

నేల మీద పుట్టిన పామును సముద్రంలోకి దింపేది తిండి. వెనక్కి లాగేది మంచినీళ్లు. ఫ్లోరిడా దీవుల్లోనూ, మన కోరింగ మడ అడవిలోనూ జరుగుతున్నది ఇదే.

ఈత రాని పాము దాదాపు లేదు. వానలు పడ్డాక గట్టు మీది జెర్రిపోతు పంటకాలువకు అడ్డంపడి అవతలికి పోవడం పల్లెల్లో పెరిగినవాళ్లంతా చూసిందే. కొండచిలువలైతే సముద్రాన్నే ఈదుతాయి. 1883లో క్రకటోవా అగ్నిపర్వతం పేలి ఆ దీవుల మీద జీవమంతా బూడిదయ్యాక, మళ్లీ అక్కడికి చేరి కాపురం పెట్టిన తొలి సరీసృపాల్లో ఆగ్నేయాసియా కొండచిలువ ఒకటి. ఇంత ఈత వచ్చిన జీవి సముద్రం ఒడ్డుకు రాగానే ఎందుకు ఆగిపోతుంది? ప్రపంచంలో పాము జాతులు సుమారు నాలుగు వేలు. వాటిలో సముద్రాన్నే బతుకుతెరువు చేసుకున్నవి డెబ్బై దాకా మాత్రమే.

అలలు, లోతు, సొరచేపలు అడ్డం అనుకుంటాం. అసలు అడ్డు దాహం.

పాము రక్తంలో ఉండే ఉప్పు సముద్రపు నీటిలో ఉన్నదానికి మూడోవంతు. లీటరు సముద్రపు నీటిలో ఉప్పు దాదాపు 35 గ్రాములు. అది తాగితే ఒంట్లో చేరిన అదనపు ఉప్పును బయటకు పంపాలి. ఆ పని పాము మూత్రపిండాల వల్ల కాదు, ఎందుకంటే రక్తం కంటే చిక్కనైన మూత్రాన్ని అవి తయారు చేయలేవు. అంటే ఉప్పునీళ్లు తాగిన కొద్దీ ఒంట్లో నీరు ఇంకా తగ్గుతుంది. చుట్టూ కనుచూపు మేర నీళ్లే, గుక్కెడు తాగడానికి లేవు. సముద్రంలోకి దిగిన ప్రతి పామూ ముందు ఈ చిక్కును దాటాలి. కొన్ని దాటాయి, కొన్ని సగం దాటి అక్కడే బతుకుతున్నాయి. ఆ సగం దాటినవే నాకు ఎక్కువ ఆసక్తి, ఎందుకంటే నేల పాము కడలి పాముగా మారే దారి ఎలా ఉంటుందో చూపించేవి అవే.

పక్షులు పెట్టిన భోజనం

అమెరికాలో ఫ్లోరిడా పడమటి తీరాన, మెక్సికో సింధుశాఖలో సీహార్స్ కీ అనే దీవి ఉంది. విస్తీర్ణం 165 ఎకరాలు. 1854లో కట్టిన లైట్‌హౌస్ ఒకటి, ఇసుక దిబ్బలు, చెట్లు, చుట్టూ మడ. ఏడాది పొడవునా నిలిచే మంచినీటి చెరువు గానీ వాగు గానీ లేదు. అలాంటి చోట కాటన్‌మౌత్ అనే విషసర్పాలు వందల్లో బతికాయి. మన రక్తపింజరి కుటుంబానికే చెందిన పాము ఇది. బెదిరిస్తే నోరు బార్లా తెరుస్తుంది, లోపలంతా దూదిలా తెల్లగా ఉంటుంది. మామూలుగా ఇది చిత్తడి నేలల పాము. మంచినీటి కుంటల పక్కన కప్పల్ని, చేపల్ని పట్టుకుని బతుకుతుంది. కప్పలూ కుంటలూ లేని ఆ ఉప్పుదీవిలో దానికేం పని?

సమాధానం తల పైకెత్తి చూస్తే దొరికేది. ఆ దీవి చెట్ల మీద ఏటా వేల పక్షులు గూళ్లు కట్టేవి. గూడబాతులు, నీటికాకులు, కొంగలు, కంకణాలు. సముద్రం మీద వేటాడి తెచ్చిన చేపల్ని పిల్లల నోట్లో కక్కుతుంటే కొన్ని జారి కింద పడేవి. బెదిరిన పిల్లలు మింగినదాన్ని కక్కేసేవి. చెట్టు కింద ఆకుల్లో చుట్ట చుట్టుకున్న పాములు ఆ చేపల్ని తినేవి. విషపు కాటుతో వేటాడాల్సిన జీవి, చచ్చిన చేపల్ని ఏరుకుని తినే జీవిగా మారింది. చార్లెస్ వార్టన్ అనే శాస్త్రవేత్త 1969లోనే దీని గురించి వివరంగా రాశాడు. తర్వాత ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన హార్వే లిలీవైట్ దశాబ్దాల పాటు ఈ పాముల్ని గమనించాడు.

లిలీవైట్ బృందం 2008లో ప్రచురించిన వ్యాసంలో నన్ను ఆపేసిన సంగతి ఒకటుంది. అన్ని పాములూ చెట్ల కిందే కూర్చోలేదు. కొన్ని రాత్రిళ్లు ఒడ్డుకు దిగేవి. నీరు వెనక్కి తీసిన తడి ఇసుక మీద, అలలు తెచ్చి పడేసిన చచ్చిన చేపల్ని నాలుకతో వాసన పట్టి వెతుక్కునేవి. చేప వాసన అంటిన సముద్రపు నాచును కూడా మింగేవి. పాము నాచు తినడమేమిటని ఆశ్చర్యపోతాం. దానికి తెలిసింది చేప వాసన, అంతే. ఆ వాసన వెంట పోతే చేరేది నీటి అంచుకు, అక్కడి నుంచి నీటిలోకి. కడలిపాముల పూర్వీకులు కూడా ఇలా ఒడ్డున ఏరుకు తింటూనే సముద్రంలోకి దిగి ఉండవచ్చని ఆ వ్యాసం ప్రతిపాదించింది. నాకు ఈ ఊహ నచ్చింది. ఒక పెద్ద మార్పుకు సాహసమే మూలం కానక్కర్లేదు, ఆకలి చాలు.

మరి నీళ్ల సంగతి? ఆ దీవి పాములు ఉప్పునీళ్లు తాగవు. వాన పడ్డప్పుడు ఆకుల మీద, నేల గుంటల్లో నిలిచిన నీటిని తాగుతాయి, పొలుసుల మీద పడ్డ చినుకుల్ని జుర్రుకుంటాయి. వానలు లేని నెలల్లో ఒంట్లో నీరు తగ్గుతూ పోతుంది. మళ్లీ వాన వచ్చేదాకా ఓర్చుకుంటాయి. మార్క్ సాండ్‌ఫాస్, లిలీవైట్ కలిసి చేసిన అధ్యయనంలో తేలింది ఇదే: తిండి సముద్రం పెడుతుంది, నీళ్లు ఆకాశమే ఇవ్వాలి.

2015 ఏప్రిల్‌లో ఈ ఏర్పాటు ఒక్కసారిగా కూలింది. గుడ్లనూ పిల్లల్నీ గూళ్లలోనే వదిలేసి పక్షులన్నీ దీవి విడిచి వెళ్లిపోయాయి. చాలావరకు దగ్గర్లోని స్నేక్ కీ అనే మరో దీవికి మారాయి. జబ్బేమో, విషమేమో, రాత్రిపూట ఎవరైనా బెదరగొట్టారేమోనని అధికారులు వెతికారు. స్పష్టమైన కారణం తేలలేదు. పాములు మాత్రం అక్కడే మిగిలాయి. చెట్ల మీంచి చేపలు రాలడం ఆగిపోయింది. తర్వాతి ఏళ్లలో అక్కడి పాములు బక్కచిక్కాయి, కనిపించే సంఖ్య కూడా బాగా తగ్గింది. ఒడ్డున ఏరుకునే తిండి అన్నింటికీ చాలలేదు. సముద్రం అంచున బతకడం నేర్చిన పాముకు కూడా ఆ బతుకు ఎంత సన్నని దారం మీద నిలిచిందో ఆ దీవి చూపించింది.

తాగకపోవడమే తెలివి

అదే ఫ్లోరిడాలో, మెక్సికో సింధుశాఖ తీరం పొడవునా ఉప్పు గడ్డి బీళ్లలో, మడ అడవుల్లో మరో పాము ఉంది. విషం లేని నీటిపాము. మన చెరువుల్లో కనిపించే నీరుకట్టెకు దూరపు చుట్టం. దీని దగ్గరి బంధువులన్నీ మంచినీటివే. ఇదొక్కటే ఉప్పునీటికి వచ్చింది. 1958లో పెట్టస్ అనే పరిశోధకుడు ఈ పామునూ దాని మంచినీటి బంధువునూ పోల్చి చూశాడు. మంచినీటి పామును ఉప్పునీటిలో ఉంచితే దాహానికి ఆగలేక ఆ నీరే తాగుతుంది, తాగి చస్తుంది. ఉప్పు బీళ్ల పాము ముట్టదు. దానికి ఒంట్లో కొత్త యంత్రాంగమేదీ అక్కర్లేకపోయింది. నోరు కట్టుకోవడం చాలింది. వాన నీటితో, మంచు బిందువులతో, తిన్న చేప ఒంట్లోని తడితో నెట్టుకొస్తుంది.

ఆ రాష్ట్రంలోనే మనుషులు తెచ్చిపెట్టిన పాము ఒకటి ఇప్పుడు ఇదే పరీక్ష రాస్తోంది. పెంపుడు జంతువుల వ్యాపారం ద్వారా వచ్చి ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో లెక్కకు మించి పెరిగిన బర్మా కొండచిలువ. అది సముద్రం దాటి ఫ్లోరిడా కీస్ దీవులకు పోగలదా అన్న ప్రశ్నకు 2012లో అమెరికా భూగర్భ సర్వే శాస్త్రవేత్తలు ప్రయోగం చేశారు. అప్పుడే గుడ్డు నుంచి వచ్చిన పిల్లల్ని ఉప్పునీటిలో పెంచారు. అచ్చమైన సముద్రపు నీటిలో అవి దాదాపు నెల రోజులు బతికాయి. మంచినీరు బాగా కలిసిన నీటిలో అయితే ఐదు నెలల దాకా. ఒక దీవి నుంచి మరో దీవికి ఈదడానికి నెల అక్కర్లేదు. కీస్‌లో ఒకటైన కీ లార్గో దీవిలో ఆ కొండచిలువలు ఇప్పటికే పట్టుబడ్డాయి. అక్కడ తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని ఒక అడవి ఎలుక ఉపజాతి వాటి నోటికి అందుబాటులో ఉంది. ఉప్పునీరు ఉన్నంత మాత్రాన దీవులు భద్రమన్న ధీమా పనికిరాదు.

ఫ్లోరిడాను తాకే అట్లాంటిక్‌లో అసలు కడలిపాములు లేవన్నది చాలామందికి తెలియని విషయం. కడలిపాములు పుట్టింది హిందూ, పసిఫిక్ మహాసముద్రాలు కలిసే వెచ్చని చోట. అవి పసిఫిక్ దాటి అమెరికా పడమటి తీరానికి చేరేసరికి, సుమారు 30 లక్షల ఏళ్ల కిందటే పనామా భూసంధి మూసుకుపోయి ఉంది. ఇటు ఆఫ్రికా కొస చుట్టి పోదామంటే నైరుతి తీరం వెంట చల్లని ప్రవాహం, పైగా వాన చినుకు పడని ఎడారి తీరం. చలి ఒక్కటే కాదు, తాగడానికి నీళ్లు లేకపోవడమూ ఆ దారి మూసింది. అందుకే అట్లాంటిక్ అంచున కాటన్‌మౌత్, ఉప్పు బీళ్ల పాము లాంటివి ఇంకా గడప మీదే నిలబడి ఉన్నాయి.

మన బురదలో

కాకినాడకు దక్షిణాన గౌతమీ గోదావరి సముద్రంలో కలిసే చోట కోరింగ అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. తెల్లమడ, నల్లమడ, తిల్ల చెట్ల మధ్య పాయలు. పోటు వస్తే చెట్ల మొదళ్లు మునుగుతాయి, నీరు తీస్తే నిగనిగలాడే బురద బయటపడుతుంది. పర్యాటకులు నీటిపిల్లులు, పక్షుల కోసం చూస్తారు. మన దేశపు తూర్పు, పడమర తీరాల్లో ఇలాంటి బురదలన్నింటిలో బతికే పామును ఎవరూ వెతకరు. బారెడు దాటని బూడిదరంగు ఒళ్లు, ముదురు చారలు, తల పైభాగానికి జరిగిన చిన్న కళ్లు. ముక్కు రంధ్రాలు కూడా పైకే ఉంటాయి. నీటిలో మునగగానే మూసుకుంటాయి. మూతి కుక్కను గుర్తుచేసే ఈ పాముకు శాస్త్రవేత్తలు గ్రీకు పురాణాల్లో పాతాళ ద్వారం కాసే కుక్క పేరు పెట్టారు: సెర్బెరస్.

చీకటి పడ్డాక, నీరు తీసినప్పుడు దీని వేట మొదలవుతుంది. బురద మీద మామూలు పాములా పాకితే జారిపోతుంది, పట్టు దొరకదు. అందుకని ఒంటిని వంపులు వంపులుగా ఎత్తి, పక్కకు వేసుకుంటూ పోతుంది. ఎడారి ఇసుకలో కొన్ని పాములు చేసే నడక ఇది, మన తీరాన బురదలో కనిపిస్తుంది. దొందులు, బురదలో గెంతే చేపలు దీని ముఖ్య ఆహారం. పీత బొరియలో తల దూర్చి చేపను పట్టి లాగుతుంది, వెనక కోరలతో అదిమి పెడుతుంది. ఆ కోరల్లో ఉన్న కొద్దిపాటి విషం చేపకు చాలు, మనిషికి ప్రాణాపాయం లేదు. గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కక్కర్లేదు, నేరుగా పిల్లల్నే కంటుంది. సముద్రం వైపు జరిగిన పాముల్లో ఈ గుణం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. గుడ్డుకు పొడినేల కావాలి, పిల్లకు అక్కర్లేదు.

మన తీరానికీ ఈ పాము శాస్త్ర చరిత్రకూ దగ్గర బంధం ఉంది. ఈస్టిండియా కంపెనీ తరఫున విశాఖపట్నంలో పనిచేసిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1780లలో కోరమండల్ తీరపు పాముల్ని సేకరించి, స్థానికులు చెప్పిన పేర్లతో సహా 1796లో లండన్‌లో పెద్ద పుస్తకం అచ్చు వేయించాడు. రక్తపింజరికి ఇంగ్లీషులో ఆయన పేరే ఉంది. అదే పుస్తకంలో గంజాం ప్రాంతపు నీటిపాము ఒకటి ‘కరూ బొకడం’ పేరుతో బొమ్మగా ఉంది. ఆ బొమ్మను ఆధారం చేసుకుని జర్మన్ శాస్త్రవేత్త ష్నైడర్ 1799లో మన బురద పాముకు శాస్త్రీయ నామం పెట్టాడు. ఆ పామును పట్టి తెచ్చి పేరు చెప్పిన జాలరులెవరో ఏ గ్రంథంలోనూ లేదు. ఉండాల్సింది.

దాహం చిక్కుకు ఈ పాము కనిపెట్టిన పరిష్కారం అమెరికా నీటిపాముకు లేనిది. 1979లో డన్సన్ దంపతులు దీని పైదవడ కొసన, మూతి ముందు భాగంలో, ఉప్పును బయటకు తోసే గ్రంథి ఉన్నట్టు గుర్తించారు. అసలైన కడలిపాముల్లో అలాంటి గ్రంథి నాలుక కింద ఉంటుంది. ఉప్పు చిక్కగా నాలుక ఒరలోకి చేరి, నాలుక ఆడించినప్పుడల్లా బయటకు పోతుంది. దాన్ని 1971లో ప్రపంచానికి చెప్పింది కూడా విలియం డన్సన్ బృందమే. తాబేలు కంటి దగ్గర, మొసలి నాలుక మీద, ఇగ్వానా ముక్కులో, కడలిపాము నాలుక కింద, మన బురద పాము మూతిలో ఈ గ్రంథులు ఉన్నాయి. ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకున్నవి కావు, ఏ వంశానికి ఆ వంశం విడిగా సంపాదించుకున్నవి. పసిఫిక్‌లోని పలావు దీవుల దాకా వెళ్లిన సెర్బెరస్ జాతికి 2012లో డన్సన్ పేరే పెట్టారు. నాకు ఇది సముచితమైన గౌరవం అనిపించింది.

మన బురద పాము కుటుంబంలోనే పీతల్ని తినే పాములూ ఉన్నాయి. పాము అంటే వేటను మొత్తంగా మింగుతుందని చదువుకున్నాం. భారత తీరంలోనూ ఉండే గెరార్డా అనే మడ పాము ఆ పాఠాన్ని తప్పు చేసింది. సింగపూర్ మడ అడవుల నుంచి పట్టిన పాముల్ని పరిశీలించి 2002లో బ్రూస్ జేన్, హెరాల్డ్ వోరిస్, పీటర్ ఎన్‌జీ దీన్ని బయటపెట్టారు. పీత పాత పెంకు విడిచి కొత్తది గట్టిపడే లోపు కొద్ది గంటలు మెత్తగా ఉంటుంది. పాము సరిగ్గా ఆ పీతనే ఎంచుకుంటుంది. ఒంటిని ఉచ్చులా చుట్టి, పీతను నోట కరిచి ఆ ఉచ్చులోంచి లాగుతుంది. మెత్తని ఒళ్లు చీలుతుంది. కాళ్లు ఒకటొకటిగా, తర్వాత డిప్ప ముక్కలు ముక్కలుగా తింటుంది. తన నోట పట్టనంత పెద్ద పీతను కూడా అలా ముగిస్తుంది. గట్టి పెంకు పీతల్ని తినే దీని చుట్టం ఫోర్డోనియా సుందర్బన్స్‌లో ఉంది.

సముద్రం పాలయ్యే నీళ్లు

ఉప్పు గ్రంథి వచ్చాక దాహం తీరిపోయిందా? చాలాకాలం అలాగే అనుకున్నారు. సముద్రం వదిలి రాని కడలిపాము సముద్రపు నీరే తాగి, ఉప్పును గ్రంథితో బయటకు పంపుతుందని పాఠ్యపుస్తకాలు రాశాయి. లిలీవైట్ బృందం తైవాన్ దగ్గరి దీవిలో కడలి కట్లపాముల్ని దాహంతో ఉంచి పరీక్షించింది. అవి సముద్రపు నీటిని ముట్టలేదు. మంచినీరు, లేదా మంచినీరు బాగా కలిసిన నీరు ఇస్తే ఆబగా తాగాయి. తర్వాత కోస్టారికా తీరంలో పసుపు పొట్ట కడలిపాముల మీద చేసి 2014లో ప్రచురించిన అధ్యయనం ఇంకా ముందుకు వెళ్లింది. ఒడ్డు చూడకుండా నడిసముద్రంలో బతికే ఆ పాములు వానలు లేని ఆరేడు నెలలు ఎండిపోతూ గడుపుతాయి. భారీ వాన కురిసినప్పుడు తేలికైన మంచినీరు ఉప్పునీటి మీద పల్చని పొరగా కాసేపు తేలుతుంది. వాటి తాగునీరు అదే. లక్షల ఏళ్లుగా సముద్రంలో బతుకుతున్న పాము కూడా వాన కోసం ఎదురుచూస్తోంది.

ఇది చదివాక బంగాళాఖాతాన్ని చూసే చూపు మారుతుంది. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ మోసుకొచ్చే నీటి వల్ల దీని ఉత్తర భాగంలో పైనీటి ఉప్పదనం వానాకాలంలో బాగా పడిపోతుంది. గోదావరికి ఎర్రనీరు వచ్చి, పులసలు ఏటికి ఎదురెక్కే రోజుల్లో, మొగల దగ్గర ఉప్పుటేళ్లన్నీ చప్పబడతాయి. ఆ రోజులే అక్కడి పాములకు, అక్కడ పెరిగే చేపపిల్లలకు, మడ మొలకలకు ఊపిరి.

మన దగ్గర ఆ నీటికి ఒక పేరు స్థిరపడింది. ఏటా వరదలప్పుడు పత్రికల్లో, సభల్లో వినిపిస్తుంది: ‘ఇన్ని వందల టీఎంసీలు వృథాగా సముద్రం పాలు’. నేను దీనితో ఏకీభవించను. రైతుకు నీళ్లు కావాలి, ఇంజినీరు కాటన్ 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసినందువల్లే డెల్టా అన్నం తిన్నది. దాన్ని కాదనేవారెవరూ లేరు. కానీ సముద్రంలో కలిసే చుక్క వృథా కాదు. మడ అడవి ఉప్పునీటి చెట్లతో నిండినా, ఉప్పునీటితో మాత్రమే బతకదు. తీరం వెంట రొయ్యల చెరువులు పెరిగాయి, వేసవిలో ఆనకట్ట దిగువకు వచ్చే నీరు సన్నబడుతుంది, సముద్రమట్టం పెరుగుతోంది. ఈ మూడూ కలిసి ఉప్పును లోపలికి నెడతాయి. ఉప్పుకు సగం అలవాటుపడిన జీవులకే ముందు దెబ్బ తగులుతుంది, ఎందుకంటే వాటి ఓపికకు అప్పటికే హద్దు దగ్గరపడి ఉంటుంది.

ఇంకో మాట, ఒడ్డున అలివి వల లాగేవాళ్ల కోసం. వలలో చేపలతో పాటు వచ్చే పాముల్లో తోక చూడాలి. తోక గుండ్రంగా సన్నబడితే అది బురద పాము కావచ్చు, తెడ్డులా పక్కలకు అణిగి ఉంటే అది కడలిపామే. జెల్లల్ని తింటూ నదీముఖాల్లోకి వచ్చే ముక్కు వంగిన కడలిపాము విషం చాలా తీవ్రమైనది. కాటు నొప్పి అంతగా తెలియకపోవచ్చు. కొన్ని గంటల్లో ఒళ్లంతా కండరాల నొప్పులు, ముదురు రంగు మూత్రం మొదలవుతాయి. మన ఆసుపత్రుల్లో ఉండే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి విషాలకు తయారైనది, కడలిపాముకు కాదు. కాబట్టి కరిచిన చెయ్యి కదలకుండా ఉంచి, ఆలస్యం చేయకుండా కృత్రిమ శ్వాస, డయాలసిస్ సదుపాయాలున్న పెద్దాసుపత్రికి చేరాలి. తోక ఎలా ఉన్నా పాముల్ని చంపనక్కర్లేదు. పొడవాటి కర్రతో నీటిలోకి వదిలేస్తే చాలు. పాముల్ని చంపవద్దనే వన్యప్రాణి రక్షణ చట్టమూ చెబుతుంది.

కోరింగలో పక్షుల లెక్క ఏటా తీస్తున్నారు, నీటిపిల్లుల్ని కెమెరాలతో లెక్కించారు. పాములకూ అలాంటి లెక్క కావాలి. దాంతో పాటు ఏ నెలలో ఏ పాయలో ఉప్పు ఎంతుందో కొలిచిన అంకెలు పక్కపక్కనే ఉండాలి. ఆనకట్ట దిగువకు వేసవిలో ఎంత నీరు వదలాలో తేల్చేటప్పుడు ఆ రెండు కాగితాలూ ఇంజినీర్ల బల్ల మీద ఉంచాలి.